మేస్త్రి గోడ మీద తేదీలు

మా ఎదురింటి మేస్త్రికి అరవై రెండేళ్లు. ఈ వీధిలో ఆయన చెయ్యి పడని ఇల్లు తక్కువ. పని ముగిసి తాపీ కడుక్కుంటూ ప్రతి ఇంటివాళ్లతోనూ ఒకటే మాట అనేవాడు: "ఇది శాశ్వతం." నేను చదివింది అయిదో తరగతే గానీ, అర్థం అడగకుండా ఏ మాటనూ వదలను.

"శాశ్వతం అంటే ఎన్నాళ్లయ్యా?"

"నువ్వు ఆరాలు మానేసేదాకా అక్కా!" అన్నాడు.

ఆయన సొంతిల్లు మూడంతస్తులు. కింద తనూ భార్యా, మధ్యలో అద్దెకు ఓ దర్జీ, పైన కూతురూ అల్లుడూ ఇద్దరు చిన్నపిల్లలూ. అసలు పునాది వేసింది రెండంతస్తులకే. కూతురు కళ్లముందుండాలని పాత పునాది మీదే మూడోది లేపాడు.

వానలు వెలిశాక మెట్ల పక్క గోడ జానెడు పొడవున బీటవారింది. మేస్త్రీలకు ఒక పద్ధతుంది. బీటకు అడ్డంగా సన్నటి గాజు పట్టీ పెట్టి, రెండు కొసలా సిమెంటు అద్ది, పక్కన తేదీ రాస్తారు. గాజు నిలిస్తే గోడ కుదురుకున్నట్టు, పగిలితే ఇంకా కదులుతున్నట్టు. ఆయనా అలాగే చేశాడు.

నేను ఏదో వంకతో రోజూ వెళ్లి చూసేదాన్ని. పది రోజులైనా పట్టీ చెక్కుచెదరలేదు. పక్కన తేదీ మాత్రం మారింది.

"పాత పట్టీ ఏదయ్యా?"

"చెయ్యి తగిలి విరిగిందక్కా. ఎవరితోనూ అనకు, ఊరికే కంగారు పడతారు."

ఆ వారంలో తేదీ ఇంకో మూడుసార్లు మారింది. దర్జీ తలుపుకు గడియ పడటం మానేసింది. చెక్క ఉబ్బిందని మేస్త్రి చిత్రిక పట్టాడు. మర్నాటికి మళ్లీ బిగుసుకుంది. "అన్నం ముందు కూర్చుని గోడకేసే చూస్తున్నాడొదినా, అడిగితే కసురుతున్నాడు," అంది ఆయన భార్య.

"శాశ్వతమన్నావు, రోజుకో తేదీ ఎందుకయ్యా?" అని నిలదీశాను.

"ఎవరూ కొలవనంతసేపే అక్కా శాశ్వతం," అన్నాడు నేలచూపులు చూస్తూ.

నిన్న మధ్యాహ్నం మేమిద్దరం చూస్తుండగానే ముందురోజు పట్టీ టిక్కుమని రెండు ముక్కలైంది.

"పైన పసిపిల్లలున్నారు. నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనే చెప్తా." మెట్లెక్కాడు.

"ఏంటి నాన్నా, నువ్వు కట్టిన ఇల్లేగా! పిల్లలకి అన్నం పెడుతున్నా, సాయంత్రం చూద్దాంలే," అంటోంది కూతురు.

"నేను కట్టాను కాబట్టే చెప్తున్నా. నడు. చెప్పులు కూడా వద్దు."

అందరూ వీధిలో నిలబడ్డారు. పది నిమిషాలు గడిచాయి. అరగంట గడిచింది. ఇల్లు కదల్లేదు.

"మిషనొక్కటీ తెచ్చుకుంటా మేస్త్రీ, ఒక్క నిమిషం," అని కదిలాడు దర్జీ.

మేస్త్రి అతని చొక్కా గుప్పిట పట్టి ఆపాడు. "తప్పు చేశాను. పోవద్దు."

మనిషి లేని పై అంతస్తులో, గాలైనా లేదు, బాల్కనీ తలుపు దానంతటదే మెల్లగా తెరుచుకుంది.