దొడ్డబళ్ళాపురం నుంచి బెంగళూరు ఆసుపత్రికి, ఖాళీ కడుపుతో

మా తమ్ముడు శ్రీనివాసులు దొడ్డబళ్ళాపురంలో మరమగ్గం నడుపుతాడు. వాడికి పెద్దపేగు వాపు జబ్బు. నెత్తురుతో విరేచనాలు ఎప్పుడు ముంచుకొస్తాయో చెప్పలేం. మాత్రలు రాసిచ్చి, రెండు వారాలకోసారి రక్తపరీక్షకు బెంగళూరు ఆసుపత్రికి రమ్మన్నారు. ఐదుసార్లు ఒక్కడే వెళ్ళొచ్చాడు. ఐదోసారి, మాత్రలు పనిచేయడం లేదు, ఇంజెక్షన్‌కు మార్చాలి అని చెప్పి, ఇంటివాళ్ళను తీసుకురమ్మన్నారు. అందుకే బడికి సెలవు పెట్టి ఈసారి నేనూ బయలుదేరాను. ఇదే జబ్బుతో ఇలాంటి దారిలో వెళ్ళేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఉదయం ఆరున్నరకు బెంగళూరు మెజెస్టిక్ బస్‌స్టాండుకు పోయే బస్సు ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు ఉచితం, వాడికి మాత్రం టికెట్. రాజానుకుంటె దాటాక ఇడ్లీల డబ్బా తెరిస్తే "ఆకలి లేదక్కా" అని కిటికీ వైపు తిరిగాడు. యలహంక దాకా హాయిగానే వచ్చాం. హెబ్బాళ దగ్గర బస్సు ట్రాఫిక్‌లో ఆగిపోయింది. వాడు ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు, నుదుటి నిండా చెమటలు.

"ఇంక ముక్కాలు గంట అవుతాదమ్మా. ఈడే దిగేది మేలు" అన్నాడు కండక్టరు.

దిగి పరుగెత్తాం. పెట్రోలు బంకులో మరుగుదొడ్డికి తాళం. "బీగం చెవి మేనేజరు దగ్గర ఉండాది, ఆయన ఇంకా రాలేదు" అన్నాడు అక్కడివాడు, ఫోన్ మీంచి తల ఎత్తకుండానే. నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కన చిన్న హోటల్లో దోసెలు పోస్తున్న వంటాయన మాత్రం వాడి ముఖం చూసి, "ఎనకాల ఉండాది, పోప్పా! దీనికీ అడిగేదేముండాది!" అని అట్లకాడతో దారి చూపించాడు.

బయటికొచ్చాక వాడు అసలు సంగతి చెప్పాడు. "బస్సులో ఏమైనా అయితే ఎట్లక్కా? వచ్చే ముందు రెండు దినాలు ఏమీ తినను."

"మరి మాత్రలు?"

"తిన్నాక వేసుకోవాలని రాసుండారు కదా. తినకుంటే ఎట్ల వేసుకునేది?"

నెలకు రెండుసార్లు, రెండేసి రోజులు తిండీ లేదు, మందూ లేదు. ముందు వాడి మీదే అరిచాను.

పదింటికి డాక్టరు గది. విజయవాడ వైపు ఆయన, మెత్తగా మాట్లాడతాడు. "వెయిట్ మళ్ళీ తగ్గిందండీ. ఫుల్ డోస్ ఇచ్చినా రెస్పాన్స్ లేదు. గైడ్‌లైన్ ప్రకారం నెక్స్ట్ స్టెప్ ఇంజెక్షనే."

"వాడు తిన్నాడో లేదో ఆ గైడ్‌లైన్ అడగలేదా?" అన్నాను. గొంతు లేచింది, లేవనీ. బస్సు, తాళం, మాత్రలు, అన్నీ చెప్పేశాను.

"ఈయన ఎప్పుడూ చెప్పలేదండీ."

"మీరు ఎప్పుడైనా అడిగారా?"

ఆయన కలం కింద పెట్టాడు. "మీ ఊళ్ళో ల్యాబ్ ఉందా?" అన్నాడు. ఉంది, మా పక్క వీధిలోనే! ఈ ఒక్క మాట అడగడానికి ఆరు ప్రయాణాలు పట్టాయి. పాత చీటీ కొట్టేసి కొత్తది రాశాడు: పరీక్ష మా ఊళ్ళోనే, రిపోర్టు ఫోన్‌లో, మూడు నెలలకోసారి వస్తే చాలు. "ముందు రోజూ తిని మాత్రలు వేసుకోనివ్వండి. ఇంజెక్షన్ సంగతి తర్వాత చూద్దాం."

ఆ గైడ్‌లైన్లు తప్పని నేను అనను. చదువుకున్నవాళ్ళే రాసి ఉంటారు. కానీ రోగి కడుపునిండా తిని, కారు దిగి వస్తాడని ఎవరు చెప్పారు వాళ్ళకు? మా ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఒక బస్సూ, తాళం వేసిన ఒక తలుపూ ఉన్నాయని ఆ కాగితానికి తెలియదు. తెలియని కాగితం మా తమ్ముడికి మందు మార్చబోయింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మీరు వెళ్ళేటప్పుడు ఒక్క పని చేయండి. చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఏ మాత్ర మానేశారు, ఎలా వచ్చారు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి, రిపోర్టుల కన్నా ముందు అది డాక్టరు చేతికివ్వండి. మొన్న పరీక్ష రోజు మా తమ్ముడు నాలుగు ఇడ్లీలు తిని, మాత్ర వేసుకుని, పక్క వీధికి నడిచి వెళ్ళాడు.