ఫిబ్రవరి ముప్పయ్యో తారీఖు కోసం మూడు వందల మైళ్ళు

చికాగో పక్కనున్న మా నేపర్‌విల్ నుంచి ఒక్క రోజులో వెళ్ళి రాగలిగే చోట్ల గురించి రాయమని చాలామంది అడుగుతుంటారు. సరస్సులు, గుమ్మడితోటలు అన్నీ రాసేశాను. ఈసారి మంగళవారం పూట ఆఫీసుకు సెలవు పెట్టి, దక్షిణాన ఒక కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, దాని బోర్డు మీటింగుకి వెళ్ళొచ్చాను. ఆ కౌంటీ పేరు రాయడం లేదు. మా రూత్ అక్క అక్కడి ప్రభుత్వ క్లినిక్‌లో నర్సు, ఇంకా అక్కడే ఉద్యోగం చేసుకోవాలి. అక్కది భీమవరం. తెలుగు ఆరాధన కోసం నెలకి రెండుసార్లు అంత దూరం నుంచి మా చర్చికి వస్తుంది, శనివారం రాత్రి మా ఇంట్లోనే ఉంటుంది. ఈ ఏడాది మొదట్లో ఆ కౌంటీ కంప్యూటర్లన్నీ తొమ్మిది రోజులు మూగబోయాయి. దొంగలెవరో ఫైళ్ళకు తాళం వేసేశారు. పదేళ్ళ కాంట్రాక్టు మీద ఆ కంప్యూటర్లకు కాపలా కాస్తున్న కంపెనీ విచారణ చేసి, ఒక నర్సు ఈమెయిల్లో నొక్కకూడని లింకు నొక్కడమే కారణమని తేల్చింది. ఆ నర్సు మా అక్క. నిర్లక్ష్యం చేసిందనీ, ఇంకో తప్పు జరిగితే ఉద్యోగం పోతుందనీ ఆమెకు హెచ్చరిక లేఖ వచ్చింది. చదివి అర్థం చేసుకున్నట్టు సంతకం పెట్టి ఆ మంగళవారం సాయంత్రం ఐదులోగా ఇవ్వాలి. అదే మంగళవారం పొద్దున, అదే కంపెనీకి ఇంకో ఐదేళ్ళు పొడిగింపు బోర్డు ముందుకు వస్తోంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావారు అంటారు. ఒప్పుకుంటాను. కానీ నేను పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నది ఈ పనే, ఒక ఆసుపత్రి కంప్యూటర్ల భద్రత చూడడం. వేలమంది ఉద్యోగులున్న చోట ఎవరో ఒకరు ఏదో ఒక రోజు తప్పు లింకు నొక్కుతారు. నొక్కినా కొంప మునగకుండా చూడడానికే మాకు జీతాలిస్తారు. ఫైళ్ళకు కాపీలు తీసి వేరే చోట దాచాలి, ఆ కాపీలు తెరుచుకుంటున్నాయో లేదో ప్రతి నెలా పరీక్షించాలి. అది సరిగ్గా జరిగి ఉంటే తొమ్మిది రోజుల పని ఒక రోజులో తేలిపోయేది. అందుకని ఆ కంపెనీ కౌంటీకిచ్చిన మూడేళ్ళ నెలవారీ రిపోర్టులు కావాలని దరఖాస్తు పెట్టాను. పౌరులెవరైనా అడగవచ్చు. ఆరు వారాలు తిప్పించుకుని ఈమెయిల్లో పంపారు. మొత్తం ముప్పై ఆరు రిపోర్టులు, ప్రతిదాని చివరా కౌంటీ అధికారి సంతకం, పైన "అందింది, సంతృప్తికరం" అని ముద్ర. వంటింట్లో టీ తాగుతూ చదవడం మొదలుపెట్టాను. ప్రతి నెలా ముప్పయ్యో తారీఖున కాపీలు పరీక్షించామని, విజయవంతమని రాశారు. జనవరి ముప్పై, విజయవంతం. ఫిబ్రవరి ముప్పై, విజయవంతం. తర్వాతి ఏడాది కూడా ఫిబ్రవరి ముప్పై. ఆ తర్వాతి ఏడాదీ అంతే. ఒక నెల రాసిన కాగితాన్నే పేరు మార్చి మూడేళ్ళు పంపారన్నమాట. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

ఉదయం ఆరుంపావుకి బయల్దేరి యాభై ఐదో నంబరు హైవే పట్టుకున్నాను. టోల్ లేదు, రానుపోను మూడు వందల మైళ్ళకి పెట్రోలు ముప్పై ఎనిమిది డాలర్లయింది. పాంటియాక్ దగ్గర ఆగి కాళ్ళు చాపుకోవచ్చు, రెస్ట్‌రూములు శుభ్రంగా ఉంటాయి. ఆ తర్వాత హైవే వదిలేస్తే రెండు పక్కలా మొక్కజొన్న, మధ్య మధ్య గాలిమరలు, అంతే. తొమ్మిదికి పది నిమిషాలుండగా ఊరు చేరాను. మీటింగు జరిగే కోర్టు భవనం చుట్టూ రెండు గంటలు ఉచితంగా పార్కు చేసుకోవచ్చు. ఎదురుగా ఒక చిన్న టిఫిన్ హోటలుంది. కాఫీ, రెండు పాన్‌కేకులు కలిపి తొమ్మిది డాలర్లు, పాన్‌కేకులు పళ్ళెం దాటి ఉంటాయి. రూత్ అక్క అప్పటికే కిటికీ పక్కన కూర్చుని ఉంది. లేఖ బైబిల్లో పెట్టుకుని వచ్చింది.

అక్కకు నేను చేసేది ఇష్టం లేదు. తన మూలంగా గొడవ జరుగుతుందని భయం. లింకు ఆమె నొక్కలేదని నేను ఎక్కడైనా అనేస్తానేమోనని ఇంకో భయం. "నేను క్లిక్ చేసిన మాట నిజమే సుజా," అంది. "దేవుడి దగ్గర ఒకటి, ఇక్కడ ఒకటి చెప్పలేను. కాని తొమ్మిది రోజులూ పేషెంట్ల మందుల లిస్టులు ఓపెన్ అవ్వక, ఒక్కొక్కళ్ళకి ఫోన్ చేసి కనుక్కుని చేత్తో రాసింది కూడా నేనేగా. అదెక్కడా రాయలేదేంటమ్మా?"  

కాఫీ మళ్ళీ పోయడానికి వచ్చిన ఆవిడకి యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. మీటింగుకి వచ్చామంటే ఏ విషయం మీద అని అడిగింది. చేతిలో ఉన్న ఎజెండా చూపించాను. పదో అంశం మాది. చూసి తల అడ్డంగా ఊపింది. పది నుంచి ఇరవై రెండు దాకా ఉన్నవన్నీ ఒకే మూట, చర్చ లేకుండా ఒక్క ఓటుతో అయిపోతాయని, జనం మాట్లాడే వంతు ఆ తర్వాతే వస్తుందని చెప్పింది. లైబ్రరీకి కొత్త తివాచీ, చెత్తబుట్టలు, ఐదేళ్ళ కంప్యూటర్ల కాపలా, అన్నీ ఒక్క గుక్కలో. నేను రెండున్నర గంటలు నడిపి వచ్చింది అయిపోయిన పెళ్ళికి బాజా వాయించడానికన్నమాట. నా ముఖం చూసి ఆవిడకి జాలేసినట్టుంది. "మూటలోంచి ఒకటి బయటికి తీయమని ఒక్క మెంబరు అడిగితే చాలు," అని, మూలన గుడ్లు తింటున్న పెద్దాయన వైపు చూపించింది. "ఆయన అడుగుతాడు. ఆ తొమ్మిది రోజుల్లో ఆయన పొలం రిజిస్ట్రేషన్ కూడా ఆగిపోయింది."

ఆయన సోయా రైతు, పన్నెండేళ్ళుగా బోర్డు మెంబరు. నేను మూడు ఫిబ్రవరి కాగితాల జెరాక్సులు ఒక సెట్టు ఆయన పళ్ళెం పక్కన పెట్టాను. పదో అంశానివి అని మాత్రం చెప్పాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటిది చదివాడు, రెండోది చదివాడు, మూడోది చదవకుండానే మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బిల్లు కట్టి మాకంటే ముందే వెళ్ళిపోయాడు.

మీటింగ్ సరిగ్గా పదికి మొదలైంది. మూట దగ్గరికి రాగానే ఆయన చెయ్యెత్తి పదో అంశం విడిగా తీయమన్నాడు. ఛైర్మన్‌కి అది నచ్చలేదని తెలుస్తూనే ఉంది. నాకు మూడు నిమిషాలిచ్చారు, ఎదురుగా టైమైపోతే వెలిగే ఎర్ర దీపం. పది నిమిషాల ప్రసంగం రాసుకెళ్ళాను, అదంతా వదిలేశాను. మీ కౌంటీలో ఫిబ్రవరికి ఎన్ని రోజులని అడిగాను. ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు ఆ మూడు తారీఖులు చదివి వినిపించాను. దాచిన కాపీల్ని ఎవరైనా ఒక్కసారి తెరిచి చూసి ఉంటే కౌంటీ తొమ్మిది రోజులు ఆగేది కాదని, ఒక నర్సు వేలి మీద తోసేయడానికి వీలయ్యేది కాదని చెప్పి కూర్చున్నాను. ఎర్ర దీపం వెలగడానికి ఇంకా టైముంది.

సంతకాలు పెట్టిన అధికారిని లేపి అడిగారు. నీలం కోటు, మంచి మనిషిలాగే ఉన్నాడు. "రిపోర్టు ప్రతి నెలా ఐదో తారీఖులోగా అందిందా లేదా చూడడం మా బాధ్యత. ప్రతిదీ టైముకి అందింది," అన్నాడు. "ప్రతి లైనూ చదవాలని కాంట్రాక్టులో ఎక్కడా లేదు." తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నవాడు కూడా కాస్త సిగ్గుపడ్డాడేమో, ఈయన పడలేదు. ఇంతకీ ఆ కంపెనీ పని బాగుందో లేదో మార్కులు వేసేది ఎవరయ్యా అంటే, ఆ కంపెనీయే. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటాడు, అయ్యగారు దాని మీద ముద్ర కొడతారు. పదేళ్ళు ఇదే జరిగింది. మరి అక్క విషయంలో విచారణ చేయమని కూడా ఆ కంపెనీకే అప్పజెప్పారు.

పొడిగింపు రెండు నెలలు వాయిదా వేశారు. మూడేళ్ళ రిపోర్టులు బయటివాళ్ళతో చూపించాలని తీర్మానించారు. రైతు నా వైపు చూసి తలాడించాడు. గెలిచామనుకోవడానికి నాకు మనసొప్పలేదు, ఎందుకంటే ఆ గదిలో హెచ్చరిక లేఖ అందుకున్నది ఇప్పటికీ అక్క ఒక్కతే. బయటికొస్తే నా కారు అద్దానికి టికెట్ ఉంది, పదిహేను డాలర్లు. రెండు గంటల మీద ఎనిమిది నిమిషాలయ్యిందట. ఎనిమిది నిమిషాలు పట్టుకోగలిగిన ఊళ్ళో మూడు ఫిబ్రవరులు ఎవరికీ కనపడలేదు.

నేను టికెట్ పట్టుకుని తిట్టుకుంటుంటే అక్క మళ్ళీ మెట్లెక్కి లోపలికి వెళ్ళింది. వెనకే పరిగెత్తాను. కింద అంతస్తులో ఉద్యోగుల వ్యవహారాల గదిలో కౌంటర్ దగ్గర నిలబడి, బైబిల్లోంచి లేఖ తీసి, చదివి అర్థం చేసుకున్నాను అన్న చోట సంతకం పెట్టింది. దాని కింద తన గుండ్రటి చేతిరాతతో నాలుగు లైన్లు రాసింది. లింకు నేను నొక్కాను, వెంటనే కంప్యూటర్ల వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాను, నిర్లక్ష్యం అన్న మాటకు నేను ఒప్పుకోను, మూడు ఫిబ్రవరి కాగితాలు జత చేస్తున్నాను. అక్కడ సంతకం తప్ప ఏమీ రాయకూడదని కౌంటర్‌లోని అమ్మాయి మెల్లగా చెప్పింది.

"నేను చదివానమ్మా," అంది అక్క. "చదివాను కాబట్టే రాస్తున్నాను."

అమ్మాయి ఆ నాలుగు లైన్లూ చదివి, ముద్ర కొట్టి, కాపీ తీసి అక్క చేతికిచ్చింది. అక్క తెచ్చిన పులిహోర, కోడివేపుడు కోర్టు పక్క పార్కులో బెంచీ మీద కూర్చుని తిన్నాం. మూడింటికల్లా నేను ఇంటికి చేరాను. దారంతా పద్దెనిమిదేళ్ళలో నేను పెట్టిన సంతకాలే గుర్తొచ్చాయి. శుక్రవారం సాయంత్రాలు, చివరి పేజీకి వెళ్ళి పెట్టేసినవి కొన్ని ఉన్నాయి. అందరి మీదా కోపంగా ఉంది, ఆ అందరిలో నేనూ ఉన్నాను. పదేళ్ళ కాంట్రాక్టు అంటే పదేళ్ళ నమ్మకం కాదు, నూట ఇరవై సార్లు చదవాల్సిన పని. తప్పు ఒప్పుకున్న మనిషికి శిక్ష, చదవకుండా సంతకం పెట్టినాయనకు మంచి కుర్చీ ఉన్నంతకాలం దొంగలకు లింకులతో కూడా పనిలేదు.

మీరూ మీ కౌంటీ మీటింగుకి వెళ్ళాలనుకుంటే రెండు నెలల ముందే రిపోర్టులకు దరఖాస్తు పెట్టుకోండి. అవి చేతికొచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, ఫిబ్రవరితో మొదలుపెట్టండి.