వేడికి చావని ఎంజైము

ఆగస్టు 9, శుక్రవారం. కోరుట్లలో ఒక ప్రైవేటు ల్యాబు. ఉన్నవారు: రిటైరయ్యాక అక్కడ కూర్చుంటున్న నేను, రక్తం తీసే అమ్మాయి, పక్క పల్లె నుంచి వచ్చిన ఒక అత్త, ఆమె కోడలు.

కోడలికి కడుపుబ్బరం. తిండి సయించడం లేదు. కామెర్లేమోనని డాక్టరు లివర్ పరీక్షలు రాశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఒక్కటే మూడింతలుంది. అది లివరులో, ఎముకల్లో, గర్భిణికి బిడ్డతో పాటు పెరిగే మాయలో కొద్దికొద్ది తేడాలతో తయారవుతుంది. ఏ రకమో తేల్చే పద్ధతిని కాలేజీలో ఏళ్ల తరబడి నేర్పినవాణ్ణి. సీరం ట్యూబును అరవై ఐదు డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు ఉంచితే లివరుది, ఎముకలది చచ్చిపోతుంది. మాయది చావదు. ఎవరూ అడగకపోయినా చేశాను. ఎంజైము దాదాపు అంతా మిగిలింది.

ఎన్నో నెల అని అత్తను అడిగాను. కొడుకు దుబాయి పోయి రెండేళ్లయిందని నాకు చెప్పి, కోడలి వైపు తిరిగింది.

"ఏమే, ఫోన్ల మాట్లాడితెనే కడుపైతదా?"

రక్తం తీసే అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను.

కోడలు నన్నే చూస్తూ, "సార్, పోయిన వారమే ముట్టయిన," అంది.

మూత్రంతో గర్భం చూసే పట్టీ సొరుగులోనే ఉంది. ఐదు నిమిషాల పని. తీయలేదు. కొన్ని గడ్డలు కూడా అచ్చం ఇలాంటి ఎంజైమునే తయారుచేస్తాయని బోర్డు మీద రాసి పాఠం చెప్పింది నేనే. అదీ అనలేదు.

"రక్తం అబద్ధమాడదమ్మా," అన్నాను.

సాయంత్రానికే ఆమెను ఒక బట్టల సంచితో సిరిసిల్ల బస్సెక్కించి పుట్టింటికి పంపేశారు. నేను డైరీలో 'మాయ రకం, నిర్ధారణ' అని రాసి కింద గీత గీశాను.

మర్నాడు సాయంత్రం ఆమె తండ్రి ల్యాబుకు ఫోన్ చేశాడు. ఎన్ని నెలలో తెలుసుకుందామని తల్లే స్కానింగు తీయించిందట. గర్భసంచి ఖాళీ. అండాశయం మీద కొబ్బరికాయంత గడ్డ. వెంటనే కరీంనగర్ తీసుకుపొమ్మన్నారట. ఆయన నన్ను తిట్టలేదు. అత్తింటివాళ్లు మా మాట వినడం లేదు, మీరు చెబితే వింటారని మాత్రం అన్నాడు.

అత్తకు ఫోన్ చేశాను. తప్పు నాదని, కోడలు ఏ తప్పూ చేయలేదని రెండుసార్లు చెప్పాను. ఆమె చివరిదాకా వింది.

"గడ్డనా సార్? గట్లయితే తల్లిగారింట్లనే ఉండనియ్యుండ్రి," అని ఫోన్ పెట్టేసింది.