లూథరూ, నేనూ, పట్టువస్త్రాల పళ్ళెమూ

ఆ రోజుల్లో నాకున్న స్థిరాస్తి నా వెన్నెముక ఒక్కటే. మా ముత్తాతగారి నాటికి గోదావరి ఒడ్డున పదకొండు ఊళ్ళ జమీ ఉండేదట. తాతగారి నాటికి అది ఒక మేడగా మిగిలింది. నాన్నగారి నాటికి మేడ కూడా పోయి పల్లకీ బొంగు మిగిలింది. రాజమండ్రిలో మేం అద్దెకున్న వాటా పెరట్లో మా నాయనమ్మ దాన్ని బట్టలు ఆరేసుకోవడానికి కట్టించింది. (దాని మీద పంచెలూ పట్టుచీరలూ మాత్రమే ఆరేయాలి, లుంగీలు పనికిరావు అని ఆవిడ శాసనం.) "మన వంశంలో ఎవరూ గోడకు ఆనుకుని కూర్చోలేదురా" అని చెప్పి చెప్పి ఆవిడ నన్ను పెంచింది. ఆ మాట ఒక్కటీ మూటగట్టుకుని ఇరవై మూడేళ్ళ వయసులో పెర్త్‌లో దిగాను. పేరుకు మాస్టర్స్ చదువు, కడుపుకు కానింగ్ వేల్‌లో కుక్కల తిండి డబ్బాలు సర్దే గోదాములో పని. బరువు ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచాలనీ, వెన్ను మాత్రం వంచకూడదనీ అక్కడ మొదటిరోజు పూటంతా శిక్షణ ఇచ్చి, చివర ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మా వంశాచారాన్ని లిఖితపూర్వకంగా గుర్తించిన ప్రభుత్వమో సంస్థో అంతకుముందు ఏదీ లేదు.

నేనుండేది హారిస్‌డేల్‌లో ఒక తెలుగువారింట్లో. అంకుల్ మా ఊరికి పక్క ఊరివారు. వారమంతా గనుల కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం, శని ఆదివారాలు తెలుగు సంఘానికి అధ్యక్షత. వాళ్ళ ముందు గది నాకు ఇచ్చారు. బదులుగా నేను వాళ్ళమ్మాయికి చరిత్ర పాఠాలు చెప్పాలి. ఆ పిల్లకు పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి, ఇంట్లో పిలుపు చిట్టి. తెలుగు వింటే అంతా అర్థమవుతుంది, చదవడం రాదు, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఆ టర్ములో పాఠం యూరప్‌లో సాంస్కృతిక పునరుజ్జీవనం, ఆ తర్వాత వచ్చిన మతసంస్కరణ. రాజులూ కోటలూ ఉంటాయని నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. తీరా చూస్తే మొదటి అధ్యాయంలోనే ఫ్లోరెన్స్ నగరంలో మెడిచి అనే బ్యాంకు కుటుంబం పాత దొరలందరినీ వెనక్కి నెట్టి, చిత్రకారులను పోషించి, గుళ్ళు కట్టించి, ముందు వరసలో కూర్చుంది. నాకు ఆ కుటుంబం ఏమాత్రం నచ్చలేదు.

"వై నాట్, అన్నా? దే పెయిడ్ ఫర్ ద ఆర్ట్" అంది చిట్టి.

"డబ్బిస్తే మర్యాద వస్తుందా అమ్మా? మర్యాద పుట్టుకతో రావాలి."

"ఓకే, దట్స్ వర్స్" అని రాసుకుంది.

ఇలా ఉండగా శ్రీరామనవమి వచ్చింది. ఇక్కడ నా బాధ కాస్త వివరించాలి. మా ఊరి రామాలయంలో సీతారాముల కల్యాణానికి పట్టువస్త్రాల పళ్ళెం తలమీద పెట్టుకుని తీసుకెళ్ళే హక్కు మా కుటుంబానిది. ఊళ్ళు పోయాక కూడా చాలాకాలం ఆ పళ్ళెం మాతోనే ఉంది. చివరికి అదీ పోయింది, ఇప్పుడు ఎవరో ఆఫీసరు మోస్తాడు. ఏటా నవమినాడు నాయనమ్మ ఫోను చేసి "ఈ ఏడు ఎవరు మోశారురా?" అని అడుగుతుంది, అదేదో నా చేతిలో ఉన్నట్టు. పెర్త్‌లో మా సంఘం కౌన్సిల్ హాలు అద్దెకు తీసుకుని కల్యాణం చేస్తుందని తెలిసినప్పుడు, ఆ పళ్ళెం ఇక్కడైనా నా తలకెక్కుతుందేమోనని నేను లోలోపల ఆశపడ్డాను. అడగడం మా ఇంటా వంటా లేదు గనక ఎవరినీ అడగలేదు. ఎవరో ఒకరు గుర్తించి పిలుస్తారని ఎదురుచూశాను.

ఒకరోజు భోజనాల దగ్గర అంకుల్ చపాతీ తుంపుతూ అన్నారు. "ఈసారి కల్యాణానికి స్పాన్సర్స్‌ని స్ట్రీమ్‌లైన్ చేశాం. సిల్వర్ అయితే గోత్రనామాలు, గోల్డ్ అయితే ముందు వరస, ప్లాటినం వాళ్ళకి పట్టువస్త్రాల పళ్ళెం. సూపర్ రెస్పాన్స్ వస్తోంది."

నేను చేతిలో చపాతీ కంచంలో పెట్టేశాను. "పళ్ళెం... స్పాన్సర్ చేస్తారా అంకుల్?"

"మరి హాలు అద్దె ఎవడిస్తాడు బాబూ, నీ డాగ్ ఫుడ్డా?"

ఆ సాయంత్రం పాఠం ఏమిటో ఊహించండి. పాపాలకు శిక్ష తగ్గుతుందని చెప్పి చర్చి పత్రాలు అమ్మిందనీ, జర్మనీలో మార్టిన్ లూథర్ అనే సన్యాసి దాన్ని సహించలేక తొంభై ఐదు అంశాలు రాసి చర్చి తలుపుకు మేకులతో కొట్టాడని చెబుతారనీ ఆ పాఠం. చదువుతుంటే నా వెన్ను ఇంకో అంగుళం నిటారు అయింది. అయిదువందల ఏళ్ళ కిందటి మనిషి ఒకడు నా గది తలుపు తట్టి, "ఇంకా కూర్చున్నావేం?" అని అడిగినట్టు అనిపించింది. వెంటనే తెల్లకాగితాలు తీశాను. లూథర్‌కి తొంభై ఐదు దొరికాయిగానీ నాకు పద్నాలుగు దగ్గర ఆగిపోయాయి. అందులో మూడు పులిహోర గురించి. (అధ్యక్షులవారి బంధువుల విస్తళ్ళలోనే జీడిపప్పు అధికంగా పడుతుండుట గురించి ఏడవ అంశం.) దైవసన్నిధిలో మర్యాదలు విక్రయవస్తువులు కారాదు అన్నది మొదటి అంశం. ఆయన లాటిన్‌లో రాశాడు కాబట్టి నేనూ తాతగారి ఉత్తరాల నాటి తెలుగులో రాశాను, పండితులు మాత్రమే తలపోయాలని.

శనివారం ఉదయం కాగితాలు, సుత్తి, మేకులు పట్టుకుని హాలుకు వెళ్ళాను. అక్కడ హాలు చూసుకునే పెద్దాయన, నిక్కరూ టోపీతో, చెట్లకు నీళ్ళు పెడుతున్నాడు. నేను తలుపు మీద మొదటి మేకు ఆనించేసరికి గొట్టం వదిలేసి వచ్చాడు.

"నాట్ ఆన్ ద డోర్, మేట్. ఫైర్ డోర్."

ఇది తలుపు మీదే ఉండాలనీ, చారిత్రక కారణాలు ఉన్నాయనీ నేను వివరించబోయాను. ఆయన ఓపికగా విని, నా చేతిలోంచి సుత్తి తీసుకుని, పక్కనున్న నోటీసుబోర్డు చూపించాడు. "పుట్ ఇట్ దేర్. టూ వీక్స్, దెన్ ఇట్ కమ్స్ డౌన్." ఆ విధంగా నా మతసంస్కరణ సీనియర్ల యోగా క్లాసుకీ, తప్పిపోయిన నారింజరంగు పిల్లికీ మధ్య నాలుగు గుండుసూదుల మీద వేలాడింది. పిల్లి ఫోటో రంగుల్లో ఉంది. అందరూ పిల్లినే చూశారు. వారం గడిచినా నా పద్నాలుగు అంశాలను చదివినవాడు ఒక్కడూ లేడు. చదవగలిగినవాళ్ళు బోర్డు చూడరు, బోర్డు చూసేవాళ్ళకు తెలుగు రాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిరగబడినందుకు నన్ను శిక్షించేవాడైనా లేకపోతే ఎలా?

చిట్టి ఒక్కతే ఆసక్తి చూపింది. స్కూల్లో అసైన్‌మెంట్‌ట, నాటి సంస్కరణ ఒకటి, నేడు మన చుట్టూ జరుగుతున్నది ఒకటి పోల్చి రాయాలట. "అన్నా, రీడ్ ఇట్ అవుట్. యు ఆర్ మై ప్రైమరీ సోర్స్" అంటూ ఫోన్ నా ముందు పెట్టింది. నేను గొంతు సవరించుకుని పద్నాలుగూ చదివి, ఒక్కొక్క దానికీ అర్థం చెప్పాను. అది విని ఇంగ్లీషులో చక్కగా రాసుకుంది. అంతటితో ఆగితే బాగుండేది. ఆంటీ ఆ కాగితం చూశారు. అంత పెద్ద తెలుగు విని తన కూతురు అర్థం చేసుకుని అనువదించిందన్న ఆనందంలో, లోపల ఏముందో సరిగా చదవకుండానే ఫోటో తీసి, "మా చిట్టి తెలుగు నుంచి ట్రాన్స్‌లేట్ చేసింది, ప్లీజ్ బ్లెస్ హర్" అని లేడీస్ గ్రూపులో పెట్టేశారు. లూథర్ కాగితాలను ఊరూరా తిప్పింది అచ్చుయంత్రం. ఇక్కడ ఆ పని ఆంటీ బొటనవేలు చేసింది. సాయంత్రం టీ వేళకు హారిస్‌డేల్ అంతా చదివింది. రాత్రి వంటల వేళకు ప్లాటినం స్పాన్సర్‌గారు తప్పుకున్నారు. పులిహోర చేసే ఆంటీలు జీడిపప్పు ప్యాకెట్లు అధ్యక్షులవారి గుమ్మంలో పెట్టి వెళ్ళారు.

మర్నాడు సంఘం కమిటీ మొత్తం మా ఇంటి హాల్లో సోఫాల మీద కూర్చుంది. నేను నిలబడ్డాను, గోడకు జానెడు దూరంలో. నా గది పోతుందని నాకు తెలుసు. ఒక సంచీ అప్పటికే సర్దుకున్నాను. విచారణకు పిలిచినప్పుడు లూథర్ వెనక్కి తగ్గలేదు కదా అని గుండె గట్టి చేసుకున్నాను.

"ఏవండీ జమీందారుగారూ" అన్నారు అంకుల్, ఎప్పుడూ లేనిది మర్యాదగా. "మీ ముత్తాతగారు పళ్ళెం ఎత్తుకుని నడిచేవారే, ఆ ఊరేగింపులో ముందు కాగడా ఎవరు పట్టుకునేవారో తెలుసా?"

తెలియదన్నాను.

"మా తాత. ఆయన తర్వాత మా నాన్న. చెయ్యి కాలినా గుడి మెట్టు దగ్గర ఆగిపోవాలి, లోపలికి రాకూడదు. మీకు పళ్ళెం పుట్టుకతో వచ్చింది, మాకు కాగడా పుట్టుకతో వచ్చింది. ఇక్కడ ఎవడి జేబులోంచి తీస్తే వాడు మోస్తాడు. ఏది రిఫార్మో నువ్వే చెప్పు బాబూ."

నేను నా పద్నాలుగు అంశాలనూ మనసులో మొదటినుంచి తిరగేయడం మొదలుపెట్టాను. అప్పుడు మెట్ల మీద కూర్చుని వింటున్న చిట్టి అంది, "సో డాడ్ ఈజ్ ద మెడిచి. అండ్ అన్న డజంట్ వాంట్ టు స్టాప్ ద ఫ్రంట్ రో. హీ జస్ట్ వాంట్స్ హిజ్ సీట్ బ్యాక్."

పదమూడేళ్ళ పిల్ల. నేను చెప్పిన పాఠమే. అంకుల్ నవ్వు ఆపుకోలేక దగ్గారు. చివరికి పళ్ళేన్ని అమ్మవద్దు, వారసత్వానికీ వద్దు, సంఘంలో అందరి పేర్లూ చీటీలు రాసి తీద్దామని ఆంటీ తీర్పు చెప్పారు. ఏ పక్షమూ లేనిది చిట్టి ఒక్కతే కాబట్టి రాసేదీ తీసేదీ అదే. గిన్నెల మీద కొట్టించినట్టు ఆంటీ పేరు చెక్కి ఉన్న స్టీలు డబ్బాలో చీటీలు వేసి, గలగలలాడించి, కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. నా పేరు వచ్చింది.

నేను పొంగిపోయాను, ఒప్పుకుంటున్నాను. అరగంట కిందట చీటీలు వేయడమంటే క్లబ్బు లాటరీలో చికెన్ గెలిచినట్టు ఉంటుందని మనసులో ఈసడించుకున్నవాణ్ణి, గదిలోకి వెళ్ళి నాయనమ్మకు ఫోను చేసి, "రాముడే పిలిచాడు నాయనమ్మా" అన్నాను. పళ్ళెంలో ఏ రంగు చీర పెడుతున్నారని ఆవిడ అడిగింది. ఆ తర్వాత "తలపాగా గట్టిగా కట్టుకో, నడుం వంచకు" అంది.

నవమినాడు తలపాగా మీద పళ్ళెం, పళ్ళెంలో పట్టుచీర, పట్టుపంచె, కొబ్బరికాయ. పార్కింగ్ నుంచి హాలుదాకా బ్లూటూత్ స్పీకర్‌లో నాదస్వరం మోగుతుండగా నడిచాను. జీవితంలో అంత నిటారుగా ఎన్నడూ నడవలేదు. గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టిన ఆంటీలు ఎవరూ అయిదడుగులు దాటరు, వాళ్ళ ఎత్తుకు వాళ్ళు కట్టారు. "వంగు బాబూ!" అని లోపలినుంచి కేకలు. వంగడమా? పళ్ళెంతోనా? నేను అలాగే ముందుకు వెళ్ళాను. తోరణం పళ్ళేనికి తగులుకుంది. కొబ్బరికాయ దొర్లి గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లో పడింది, సీతమ్మవారి చీర జారిపోయింది. నేల తాకడానికి జానెడు ఉందనగా వెనక నడుస్తున్న అంకుల్ రెండు చేతులా పట్టేసుకున్నారు. మడత నలగకుండా తిరిగి పళ్ళెంలో పెట్టి, ఒక అంచు తాను పట్టుకుని, నా చెవిలో అన్నారు. "నడవండి జమీందారుగారూ, నేనున్నా లెండి. మోకాళ్ళన్నా వంచండి, మీ గోదాములో నేర్పారు కదా." మోకాళ్ళు వంచాను. ఇద్దరం కలిసి లోపలికి వెళ్ళాం.

ఫోటో చూసి నాయనమ్మ అడిగింది. "పళ్ళెం పట్టుకున్న ఆ రెండో చెయ్యి ఎవరిదిరా?" నేను "ఎవరో భక్తుడిది" అన్నాను. ఆ తర్వాత మూడేళ్ళు, కన్నుమూసేదాకా, ఆవిడ ఆ ఫోటో వచ్చినవాళ్ళందరికీ చూపించిందట.

ఇప్పుడు చిట్టి స్కూల్లో చరిత్ర చెబుతోంది. నాకు వెంట్రుకలు నెరుస్తున్నాయి, ఇల్లు కానింగ్ వేల్‌లోనే. మొన్న ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ పెరట్లో బార్బెక్యూ పెట్టారు. అంకుల్ పొయ్యి దగ్గర మొక్కజొన్న పొత్తులు తిప్పుతుంటే, నేను అలవాటు ప్రకారం ఎవరో కొత్తవాళ్ళకు రాముడు నన్ను చీటీలో ఎలా పిలిచాడో చెబుతున్నాను. చిట్టి ప్లేటు పక్కన పెట్టి, "అన్నా, ఇనఫ్. ఆల్ ద చిట్స్ హాడ్ యువర్ నేమ్" అంది. అన్ని చీటీల్లోనూ నా పేరే రాసిందట. లేకపోతే నేను క్రిస్మస్ దాకా మూతి ముడుచుకుని ఉండేవాణ్ణట, ఆ వారమంతా నాయనమ్మ స్పీకర్ ఫోన్‌లో రోజూ పళ్ళెం సంగతి అడుగుతుంటే దానికి చదువు సాగడంలేదట. మోసం చేసిన సంస్కర్త!

"మిగతావి ఎవరూ విప్పి చూడలేదా?" అన్నాను నీరసంగా.

"డాడ్ డిడ్. రీసైకిల్ బిన్‌లో. ఆ రోజే."

అంకుల్ వైపు చూశాను. ఆయన పొత్తు తిరగేసి, ఉప్పూ కారం నిమ్మచెక్కతో రుద్దుతూ, పొగలోంచి నన్ను చూసి, "కాలింది ఇష్టమా, లేతది ఇష్టమా జమీందారుగారూ?" అని అడిగారు. ఆ రెండో చెయ్యి ఎవరిదో నాయనమ్మకు చెప్పి ఉండాల్సింది. ఏదైనా ఇవ్వండి అన్నాను. నిలబడటానికి కాస్త ఆసరా కావాలనిపించి, వెనక ఇటుకగోడ ఉంటే, దానికి ఆనుకున్నాను. ఎండకు వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళూ ఇంత హాయిని వదులుకున్నందుకు మా వంశం మీద మొదటిసారి విసుగొచ్చింది.