బాలవ్వ కట్టిన ఎర్ర దారం

నాకు ఆ ఫ్లాటంటే మొదటినుంచీ మంటే. మారిషస్‌లో, సముద్రానికి ఎదురుగా, రెండంటే రెండు గదులు. మా ఆయన దక్షిణామూర్తి సూరత్ దగ్గర హజీరాలో ఇరవై ఎనిమిదేళ్ళు ఇంజనీరుగా చేశారు. సముద్రం పక్కనే ఉద్యోగం, కానీ ఆఫీసు కిటికీలోంచి చూస్తే కనపడేవి పైపులూ, చిమ్నీలూ. చివర్లో కంపెనీవాళ్ళు రెండేళ్ళు మారిషస్ పంపించారు. అక్కడ ఓ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ఒక కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారట. అంతే, మనిషి ఆ సముద్రానికి పడిపోయారు. రిటైరయ్యాక వచ్చినదంతా తీసుకెళ్ళి ఆ కిటికీకి పోశారు. ఏడాదిలో ఓ నెల మేం వెళ్ళి ఉండటం, మిగతా రోజులు సెలవులకి వచ్చేవాళ్ళకి అద్దెకివ్వటం అని ఏర్పాటు.

రెండేళ్ళు బాగానే వెళ్ళొచ్చాం. మూడో ఏడు ఆయన కాలి నరంలో రక్తం గడ్డకట్టింది. ఆరేడు గంటలు విమానంలో కూర్చోవడం ఇప్పట్లో వద్దే వద్దన్నాడు డాక్టరు. మేం రామని తెలియగానే అక్కడ ఇల్లు చూసుకునే మనిషి చేతులు దులుపుకున్నాడు. వచ్చిన అతిథులు దుప్పట్ల మీద మరకలనీ, కుళాయి కారుతోందనీ ఇంటర్నెట్‌లో ఎడాపెడా రాసిపారేశారు. అవన్నీ చదువుకుంటూ ఈయన అన్నం సయించక కూర్చునేవారు.

"అమ్మి అవతల పారేయండి" అన్నాను నేను. సూరత్‌లో మా పేట అమ్రోలిలోనే ఉండే నూలు వ్యాపారి నరేశ్‌భాయ్ కొంటానన్నాడు. ఆదివారం మధ్యాహ్నానికల్లా అవునో కాదో చెప్పేయాలన్నాడు.

"ఈలోగా నమ్మకమైన మేనేజరు దొరికితే ఉంచుకుందాం పద్మినీ. దొరక్కపోతే అమ్మేద్దాం. ఇంక ఆ ఇంటి మాటే ఎత్తను" అన్నారాయన. నేను వినపడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇద్దరు ముందుకొచ్చారు. చెరొక రోజు తాళంచెవి ఇప్పిస్తాం, ఇల్లు తమకి తోచినట్టు చూసుకుని, మాకు వీడియోలో చూపించాలి అని చెప్పారు మా ఆయన.

మొదటాయన వంతు గురువారం. ఆ పూట మా హాల్లో కింద చాప మీద కూర్చుని బాలవ్వ నా ఆకుపచ్చ చీరకి ఫాల్ కుడుతోంది. బాలవ్వకి అరవై దాటాయి. సిరిసిల్ల దగ్గర ఊరు. పదహారేళ్ళకి పెళ్ళయి మొగుడి వెంట ఇటు వచ్చింది. ముప్ఫై ఒక్కేళ్ళు జోల్వాలో ఒక మరమగ్గాల కార్ఖానాలో పనిచేసి, ఇప్పుడు అమ్రోలిలో కూతురి దగ్గర ఉంటూ ఇళ్ళకి వచ్చి ఫాల్స్ కుడుతుంది. మా ఇంటికి రెండేళ్ళుగా వస్తున్నా నాకు తెలిసింది ఇంతే. అంతకుమించి నేనూ అడిగిన పాపాన పోలేదు.

టీవీలో వీడియో కాల్ పెట్టారు మా ఆయన. తెల్ల చొక్కా, నిండా నవ్వు. "నమస్కారం! బాగున్నారా!" అన్నాడు అవతలి మనిషి. పేరు రాజేన్ అప్పన్న. వాళ్ళ ముత్తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వెళ్ళారట. వచ్చిన తెలుగు ఆ రెండు ముక్కలే, మిగతాదంతా ఇంగ్లీషు. అయినా సరే, ఇంక మా ఆయన్ని పట్టగలమా! "మనవాడే పద్మినీ, మనవాడే!" అని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

సూరత్‌లో ఉండే మా బోటివాళ్ళకి ఇదో జబ్బు. రైల్లో ఎవరైనా పక్కసీటు మనిషి "ఏమండీ" అన్నాడంటే సామాను అతనికప్పజెప్పి నిద్రపోతాం. నిజం చెప్పొద్దూ, నేనూ కరిగిపోయాను. పైగా ఇల్లు ఎంత బాగా సర్దాడని! తళతళలాడే నేల, మంచం మీద మల్లెపువ్వులాంటి మందపాటి దుప్పటి, దాని మీద హంసలాగా మడిచిన తువ్వాలు. సముద్రమైతే మూడుసార్లు చూపించాడు.

"సారూ, జర ఆపమనుండ్రి" అంది బాలవ్వ, సూది చేతిలో పట్టుకుని.

"ఏమైంది బాలవ్వా?"

"ఆ చద్దర్ ఉల్టా పరిచిండు."

నేను కళ్ళజోడు పెట్టుకుని టీవీకి ముక్కు ఆనించి చూశాను. నాకు తెలుపు తప్ప ఏమీ కనపడలేదు. "నీకెలా తెలిసింది?"

"అంచు మడత పైకి కనవడ్తుంది గదమ్మా. మంచి మొకం కిందికి వోయింది. గింత సాఫ్‌గ సదిరెటోడు మర్శి ఉల్టా వెయ్యడు. కింద ఏందో వుంది."

మా ఆయన మొహమాటపడుతూనే దుప్పటి ఒకసారి తిరగేయమన్నారు. రాజేన్ నవ్వు కొంచెం తగ్గింది. తిప్పాడు. అన్నం పళ్ళెమంత మరక, ముదురు ఎరుపు. లాండ్రీ నుంచి వేరే దుప్పట్లు ఇంకా రాలేదని ఏదో చెప్పాడు. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆ తర్వాత మా ఆయన ఎక్కువ మాట్లాడలేదు, త్వరగానే కాల్ పెట్టేశారు.

సముద్రం అవతల, ఎక్కడో మారిషస్‌లో పరిచిన దుప్పటి! "బాలవ్వా, అవి కళ్ళా, దుర్భిణీలా!" అన్నాను.

బాలవ్వ నోట్లో వక్క ఓ పక్కకి నెట్టి నవ్వింది. "ఏందమ్మా, ముప్పై ఏండ్లు గదే పని జేస్తి."

ఆ రోజు అడిగితే చెప్పింది. కార్ఖానాలో ఏటవాలుగా ఒక అద్దం బల్ల, దాని కింద ట్యూబులైటు. మగ్గం దిగిన బట్టని దాని మీదుగా లాగుతూ నిలబడి చూడాలి. వంద మీటర్ల బట్టని తాకా అంటారు. రోజంతా తాకా తర్వాత తాకా. తెగిన పోగు, జారిన పోగు, నూనె చుక్క, ఏదీ దాటిపోకూడదు. అమ్మేవాళ్ళు బట్ట మడతపెట్టేటప్పుడు తప్పున్న చోటుని లోపలికి పెడతారట.

"పై మడత అందరు మంచిగనే పెడ్తరు సారూ. మేం నడుమ మడత ఇప్పుతం" అంది.

మా ఆయన చిన్నపిల్లాడైపోయారు. లేచి మా కిటికీ పరదా కొంగు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. "ఇది చెప్పు చూద్దాం!" బాలవ్వ దాన్ని వెలుగుకి అడ్డంగా పట్టుకుని, బొటనవేలితో నెమ్మదిగా రాస్తూ వచ్చి ఒకచోట ఆగింది. "గీడ కరెంటు వోయింది. సాంచె ఆగి మల్ల షురువైంది. సూడుండ్రి, అడ్డం గీత."

చూశాం. సాంచె అంటే మరమగ్గమట. వెంట్రుకంత గీత ఉంది. పదేళ్ళుగా రోజూ పొద్దున్నా సాయంత్రం నా చేత్తో లాగుతున్న పరదా. ఎప్పుడో, ఎవరి మగ్గం మీదో కరెంటు పోయిన క్షణం అందులో ఉందని నాకేం తెలుసు? రెండేళ్ళుగా నేను మంచినీళ్ళు కూడా స్టీలు గ్లాసులో వేరేగా ఇస్తున్న మనిషి ఈవిడ. సిగ్గేసింది.

"మీ ఆయన కూడా చెకింగేనా?" అని అడిగాను.

"గాయన సాంచెలు నడిపిండమ్మా. పరుశురాం. ఆరేండ్లాయె పోయి." కాసేపు కుట్టుకుంది. తర్వాత తనే అంది. "గాయన బట్టల తప్పు వడితె గాయనే అంచుకు ఎర్ర దారం గట్టెటోడు. గీడ తప్పుంది, సూడుండ్రి అని. సేఠు తిట్టెటోడు. దోస్తులు నవ్వెటోల్లు. నేను గూడ కొట్లాడిన, నీ తప్పు నువ్వెందుకు జూపెడ్తవ్ అని. ఆఖరుకు ఏమైంది? వ్యాపారోల్లు వచ్చి పరుశురాం సాంచె మీది మాలే కావాలె అనెటోల్లు. దారం లేని కాడ తప్పు లేదని ఎర్కాయె గద."

చీర మడిచి నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. నేను బీరువాలో పెట్టేశాను.

శనివారం రెండో ఆవిడ. పేరు జోస్లిన్. యాభై ఏళ్ళుంటాయి, తలకి గుడ్డ కట్టుకుంది, ఒళ్ళంతా చెమట. నమస్కారమూ లేదు, నవ్వూ లేదు. ఫోను పట్టుకుని తిన్నగా బీరువా వెనక్కి వెళ్ళింది. గోడంతా నల్లటి బూజు. దాని మీద పసుపుపచ్చ కాగితం ముక్క ఒకటి అంటించి ఉంది. అక్కణ్ణించి పరుపు ఎత్తింది, అక్కడో పసుపు కాగితం. చిరిగిన దోమతెర, ఇంకోటి. కారే కుళాయి, పగిలిన పలక, చీమలు పట్టిన అల్మారా, వదులైన కిటికీ బోల్టు. వచ్చీరాని ఇంగ్లీషులో "ఇది కూడా, ఇది కూడా" అంటూ పదిహేడు కాగితాలు చూపించింది. సముద్రం ఒక్కసారి కూడా చూపించలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఉద్యోగానికి వచ్చిందా, పెళ్ళిచూపులకొచ్చి వంకలు పెడుతోందా?" అన్నాను తెలుగులోనే, ఆవిడ వింటుండగానే.

మా ఆయన కోప్పడలేదు. కాల్ అయిపోయాక టీవీ ఆపేసి, రిమోట్ బల్ల మీద నెమ్మదిగా పెట్టారు. "ఇంత పాడైపోయిందా పద్మినీ? నేనింక చూడలేను. రేపు నరేశ్‌భాయ్‌కి సరేనని చెప్పేస్తాను" అన్నారు. రాత్రి మజ్జిగ మాత్రం తాగి పడుకున్నారు. నేను కోరుకున్నదే జరిగింది. కానీ సంతోషం ఎక్కడా కనపడలేదు.

ఆదివారం అడాజణ్‌లో ఎవరిదో గృహప్రవేశం. ఆకుపచ్చ చీర తీశాను. కుచ్చిళ్ళు పెట్టుకుంటుంటే, కింద అంచు దగ్గర వేలికి ఏదో తగిలింది. చూస్తే చిన్న ముడి. ఎర్ర దారం. తెంపడం మర్చిపోయినట్టుంది, పెద్దావిడ కదా అనుకుని కత్తెర తెచ్చాను. దారం కింద కత్తెర పెట్టబోతూ చూశాను. దాని పక్కనే రెండు కుట్లు కొంచెం వంకరపోయాయి. పాదాల దగ్గర, లోపలి వైపు. నేనే కాదు, నా తల్లి దిగివచ్చినా కనిపెట్టదు.

కత్తెర కింద పెట్టేశాను.

మొగుడితో పోట్లాడానంది కదూ, నీ తప్పు నువ్వెందుకు చూపిస్తావని? ఆ పోట్లాడిన చేయే ఇది కట్టింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోనే జోస్లిన్ అంటించిన పదిహేడు పసుపు కాగితాలు కనపడ్డాయి.

హాల్లోంచి మా ఆయన గొంతు. "హా నరేశ్‌భాయ్, కేమ్ ఛో? నేనే చేద్దామనుకుంటున్నా..."

సగం కట్టిన చీరతోనే పరుగెత్తాను. "ఆపండి! అమ్మటం లేదని చెప్పండి!"

ఆయన నోరు తెరిచి నన్ను చూశారు. ఇన్నాళ్ళూ అమ్మండి, అమ్మండి అని చెవిలో పోరిన మనిషిని నేనే కదా. "ఆవిడ వంకలు పెట్టలేదండీ, దారాలు కట్టింది. ఒక్క రోజులో మన ఇల్లంతా నడుమ మడత విప్పి చూపించింది" అన్నాను. చీర అంచు ఆయన ముందు పెట్టాను. ఆయన ఆ ముడిని వేలితో తడిమారు. తర్వాత ఫోనులో నరేశ్‌భాయ్‌కి క్షమించమని చెప్పారు. ఆ వెంటనే జోస్లిన్‌కి చేశారు.

బాలవ్వ మళ్ళీ వచ్చినప్పుడు అడిగాను.

"కుడికంట్లె పొర వచ్చిందమ్మా. గాడ రెండు కుట్లు వంకరవోయినయ్. ఇప్పి కుడ్తె మల్ల గట్లనే అయితది. మీకు ఎర్క వుండాలె గద" అంది.

"ఎవరు చూస్తారే బాలవ్వా, అది?"

"నేను జూసిన గదమ్మా."

చదువుకున్నదాన్ని, ఇంజనీరు పెళ్ళాన్ని. ఎన్ని వంకర కుట్లు లోపలి మడతలో పెట్టుకుని తిరుగుతున్నానో నాకే తెలుసు. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే తిడుతుందని ఊరుకున్నాను. జోస్లిన్ వారం వారం పంపే వీడియో చూసిపెట్టే పని నీదే, జీతం ఇస్తామన్నాను. "కన్ను సంగతి ముందుగల్లనే చెప్పిన. మంచిగ ఆలోచించుకోండ్రి" అంది. ఆలోచించేదేముంది, మర్నాడే కంటాసుపత్రికి తీసుకెళ్ళి ఆపరేషనుకి తేదీ రాయించాను.

మొదటి శనివారం వీడియో వచ్చింది. మేం చెప్పామని జోస్లిన్ ఎర్ర దారపు ఉండ కొనుక్కుంది. పదిహేడింటిలో నాలుగే మిగిలాయి, నాలుగింటికీ దారాలు. బాలవ్వ కుడికన్ను మూసుకుని, టీవీకి జానెడు దూరంలో గొంతుక్కూర్చుని చూసింది. చివర్లో జోస్లిన్ మొదటిసారి కిటికీ దగ్గరికి వెళ్ళింది. బయట నీలంగా సముద్రం. లోపల మా ఆయన కుర్చీ. మా ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"సారూ, ఆమె ఒకటి ఇడిశిపెట్టింది" అంది బాలవ్వ.

"ఏమిటి?"

"ఆ కుర్సీకి దారం గట్టలే."

"కుర్చీకేమైంది? బాగానే ఉందిగా."

"కుర్సీ మంచిగనే వుంది. అండ్ల కూసునెటోల్లు లేరు గద."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు, ఎంతకీ ఆపలేదు. నేను లేచి డాక్టరు ఫోన్ నంబరు వెతికాను. మధ్యమధ్యలో లేచి నడుస్తూ వెళ్తే కుదురుతుందేమో, ఎన్ని నెలలు ఆగాలో, ఏం మందులు వాడాలో అడగాలి. ఈసారి నేనే అడుగుతాను.

తర్వాతి శనివారం వీడియోలో, మేం చెప్పినట్టే, ఆ కుర్చీ చేతికి ఎర్ర దారం ఉంది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వొద్దని, మేం వచ్చి విప్పుతామని జోస్లిన్‌కి చెప్పాను.