తాళం వేసినా ఖాళీ కాని ఇల్లు

దయ్యాల వార్త ఏది వచ్చినా లోపలి పేజీకి కూడా పంపకుండా పక్కన పెట్టినవాణ్ణి నేను. వికారాబాద్‌లో ముప్పై ఏళ్లు విలేకరిగా పనిచేశాను. కళ్లతో చూడాలి, ఇద్దరిని అడగాలి, ఎవరు చెప్పారో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఇది కూడా అలాగే రాస్తున్నాను.

పోయినేడు మా చెల్లె సునీత నాకొక పని అప్పగించింది. పెద్దేముల్ దగ్గరున్న అరెకరం అమ్మి, తాండూరులోని తన ఇంటిపైన రెండు పోర్షన్లు వేసి అద్దెకివ్వాలని ఆమె ఆలోచన. భర్త లేడు. ఆ పొలం తప్ప వేరే ఆధారం లేదు. కట్టాక ఎవరూ దిగకపోతే పొలం పోయినట్టే.

"అన్నా, మా దిక్కు ఎన్ని ఇండ్లు ఖాళీగున్నయో జర సూసి చెప్పు. నువ్వు వద్దంటే ఊకుంట" అంది.

మున్సిపల్ ఆఫీసులో అడిగితే ఇళ్ల లెక్క ఉంది కానీ ఖాళీల లెక్క లేదన్నారు. నేనే బయలుదేరాను. పొద్దున ఏడింటికి చెల్లె ఉండే వీధిలో నడుస్తూ టులెట్ బోర్డు, తలుపు తాళం, కరెంటు మీటరు చూసేవాణ్ణి. వాడకం ఉంటే మీటరులో ఎర్ర లైటు కొట్టుకుంటుంది. నలభై పోర్షన్లలో ఐదు ఖాళీ అని తేలింది.

ఐదోది వీధి చివరి ఇల్లు. తాళం వేసి ఉంది. రాసుకుంటుంటే, గడప ముందు బండ మీద కూర్చున్న ముసలామె పలకరించింది. ఆకుపచ్చ చీర, పక్కన ఇత్తడి చెంబు. ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పాను. నవ్వి, నేను ఖాళీ అని రాసుకున్న ఇంకో ఇంటి వైపు చెయ్యి చూపించింది.

"గా నీలం గేటు ఇల్లు ఖాళీ గాదు సారూ. బోర్డు తియ్యలేదు గనీ మొన్న శుక్రారమే దిగిండ్రు. పొద్దుగాలనే డ్యూటీకి పోతరు. ఇగ మాదైతే అసలే రాయకు. తాళమేస్తే ఖాళీ అయితదా?"

బండ అప్పుడే కడిగినట్టు తడిగా ఉంది. రెండూ కొట్టేశాను. మూడు మిగిలాయి.

రెండో మనిషిని అడగాలి కదా. ఆ చివరి ఇంటి ఓనరు ఎదురుగానే ఉంటాడు. నీలం గేటు సంగతి నిజమేనన్నాడు, శుక్రవారమే దిగారట. ముసలామె మాట ఎత్తేసరికి చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

చివరి ఇంట్లో అద్దెకున్న ముసలామె నాలుగు నెలల కిందే పోయిందట. మంచి నక్షత్రం కాదు, ఆరు నెలలు ఇల్లు విడవాలని అయ్యగారు చెబితే, కొడుకు తాళం వేసి దౌల్తాబాద్‌లోని అత్తగారింటికి పోయాడు. సామాను లోపలే ఉంది. అద్దె కూడా పంపుతున్నాడు. నేను చీర గురించి, చెంబు గురించి చెప్పాను.

"గా చెంబుతోనే రోజూ బండ కడిగేది" అన్నాడు.

తిరిగి వెళ్లి చూశాను. మనిషి లేదు, చెంబు లేదు. మీటరులో లైటు కొట్టుకోవడం లేదు. బండ మాత్రం ఇంకా తడిగానే ఉంది. ఆ రోజు ఆ వీధికి నల్లా నీళ్లు రాలేదు.

నలభైలో మూడే ఖాళీ అని చెల్లెకు చెప్పాను. ఆమె పొలం అమ్మింది, కట్టింది. సున్నం వేయకముందే రెండు పోర్షన్లకూ మనుషులు దొరికారు. ఇప్పుడు నిశ్చింతగా ఉంది. ఆరు నెలలు నిండగానే ఆ కొడుకూ భార్యతో తిరిగొచ్చాడు. తాండూరు వెళ్లినప్పుడల్లా నేను వీధి చివరిదాకా నడుస్తాను. కోడలు బండ కడుగుతూ కనిపిస్తుంది. చూస్తే సంతోషంగానే ఉంటుంది.

నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. ఐదో ఇంటికి ఎదురుగా 'ఖాళీ కాదు' అని రాసి ఉంది. ఎవరు చెప్పారు అన్న చోట మాత్రం ఇప్పటికీ ఏమీ రాయలేకపోయాను.