రెండో స్టిక్కరు

తెల్ల సొక్కా ఏసుకోమని ఎన్నిసార్లు మొత్తుకున్నానండీ! ఇన్నాడా? మా సెల్లి మొగుడు, మా బావ, మొన్న పొద్దుగూకేక పూడిమడక రోడ్డులో పోయేడు. సెరుకు ట్రాక్టరు తొట్టికీ సేపల వేనుకీ మధ్యన నలిగిపోయేడు. ఆ మసిసొక్కాతోనే.

అనకాపల్లిలో ఆయనది వెల్డింగు షాపు. సొక్కా మాటెత్తితే, "సందమామ కూడా తారురోడ్డంత నల్లటిదే బావా. లైటు పడితే తెల్లగా అవుపడతాది. నేనూ అంతే" అనీవోడు.

"దానికి లైటేసేది సూరీడు. నీకేసేది తాగొచ్చిన మోటర్‌సైకిలోడు" అనీవోణ్ణి.

ఎనకటికి మా బావ వాళ్ళన్నయ్య సీకట్లో బండి మీద వత్తూ, ఆగున్న సెరుకు తొట్టిని గుద్దేసేడు. సెరుకు గెడలు గుండెల్లో దిగిపోయేయి. ఈయనే లాగేడు, ఒక్కోటీ. అప్పట్నుంచీ ఎనకాల లైటు పడితే మెరిసే ఎర్ర స్టిక్కర్లు లేని తొట్టి కనపడితే సాలు, ఆపీడం, డ్రైవర్ని దింపీడం, ఆడి లోడులోంచే గెడ పీకి ఆణ్ణే బాదీడం.

"సందమామకే సొంత లైటు లేదురా, నీ తొట్టికుందేటి?" ఒక దెబ్బ. "ఒక స్టిక్కరుంటే ఎనకొచ్చీవోడు సైకిలనుకుంటాడు, రెండుంటేనే బండని తెలుత్తాది!" ఇంకోటి. తరవాత స్టిక్కర్లు ఊరికే అతికించి, అదే గెడ ఇరిచి సగం ఆడికి తినమనిచ్చీవోడు.

ఆ రోజూ అంతే. ఎడం మూల ఒకటి అతికించేడు. రెండోది పట్టుకుని కుడి మూలకెల్లేడు. అప్పుడొచ్చింది వేను.

జనం వేను డ్రైవర్ని ఈడ్చి పళ్ళు రాలగొట్టేరు. ఒకడు బండరాయెత్తేడు. ఆడు నెత్తురు ఉమ్ముతూ, "సైకిలనుకున్నాను బాబూ, తప్పిద్దామని స్టీరింగు కుడికి కోసేను" అన్నాడు.

ఆ మాటినీసరికి ట్రాక్టరు డ్రైవరు, అప్పుడే మా బావ సేతిలో దెబ్బలు తిన్నోడు, ఎల్లి ఆడి మీద అడ్డంగా పడిపోయేడు. "కొట్టకండి! ఆయన సెప్పిందే జరిగింది. ఈడికి ఒకటే అవుపడింది!"

రాయి కింద పడింది. మనిషి మీద కాదు.

నేనెల్లేసరికి పోలీసు జీపు లైటు బావ మీద పడతంది. సొక్కా మెరవలేదు. సందమామ కబుర్లన్నీ ఉత్తివే. అరసెయ్యి మాత్రం ఎర్రగా భగ్గుమంది. నెత్తురనుకున్నాను. రెండో స్టిక్కరు, బంకతో అంటుకుండిపోయింది.

ఆ తొట్టిని ట్రాక్టరోడే తెచ్చి షాపు ముందెట్టేడు, కుడి మూల ఖాళీగా. స్టిక్కరు కడిగేను, బంక ఇంకా పోలేదు. పొద్దున్నించీ పట్టుకుని కూకున్నాను, సెయ్యాడక.

"అన్నయ్యా! సీకటి పడతంది, తొట్టి తీసుకుపోతానంతన్నాడు ట్రాక్టరోడు!"

మా సెల్లి. వత్తన్నానమ్మా, ఆణ్ణి కదలొద్దను! రెండోది లేకుండా రోడ్డెక్కనిత్తే మా బావ పైనుంచే గెడ పీకి నన్ను బాదేత్తాడు!